పది మీటర్ల గురి సాధనకు తొలి ఎయిర్ రైఫిల్: నలభై వేలలో ఏది కొనాలి?

కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం. గత సంవత్సరం శిక్షణ నిమిత్తం మూడు నెలలు హైదరాబాదులో ఉండవలసి వచ్చినప్పుడు, ఆదివారాలు పొద్దుపోక ఒక సహోద్యోగి వెంట షూటింగ్ రేంజికి వెళ్లడం మొదలుపెట్టాను. మొత్తం మీద పదకొండు సార్లు వెళ్లాను. క్లబ్బు వారు ఇచ్చిన, పోటీల్లో వాడే పాత విదేశీ మ్యాచ్ రైఫిల్‌తో 10 మీటర్ల దూరంలో నిలబడి కాల్చేవాడిని. పోటీలకు వెళ్లాలని గాని, పతకాలు తేవాలని గాని నాకు లేదు. రోజంతా అంకెలతో గడిపిన మనిషికి, ఊపిరి బిగబట్టి ఒక నల్ల చుక్క వైపు చూసే ఆ గంటసేపు మనసు ఎంత తేలిక పడుతుందో అనుభవించాక, అది లేకుండా ఉండలేకపోతున్నాను.

మా మేనమామ గారి పాత ధాన్యపు గోదాము ఒకటి ఖాళీగా ఉంది. లోపల 14 మీటర్ల పొడవు, వెనుక రాతి గోడ, తలుపు ఒక్కటే. అక్కడ వారానికి మూడు రోజులు సాధన చేసుకోవచ్చునని ఆయన అనుమతి ఇచ్చారు. నా దగ్గర 40,000 రూపాయలు ఉన్నాయి. ఇందులోనే రైఫిల్, పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు), మిగతా సరంజామా అంతా రావాలి.

ఒక దుకాణానికి వెళితే, సెకనుకు 1,000 అడుగుల వేగం ఉన్న స్ప్రింగ్ రైఫిల్‌ను టెలిస్కోపుతో కలిపి తీసుకోమన్నారు. "వేగం ఎక్కువైతే గురి తప్పదు సార్" అన్నది వారి మాట. మరొకరు స్ప్రింగ్ రైఫిల్ దండగ అనీ, గాలి నింపి కాల్చే పీసీపీ రైఫిలే కొనాలనీ అంటున్నారు. ఇంకొక చిక్కు కూడా ఉంది: నేను కుడిచేతి వాటం మనిషిని, కాని నాకు ఎడమ కన్నే బలమైనదని రేంజిలో చెప్పారు. పెద్దలు ఎవరైనా దారి చూపించగలరు.

పాతగురి (సికింద్రాబాద్)

కృష్ణాతీరం గారూ, నమస్కారం. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఆటలో ఉన్నవాడిని, ఇప్పుడు ఎక్కువగా పిల్లలకు నేర్పుతున్నాను. కొంచెం వివరంగానే రాస్తాను, ఓపికగా చదవండి.

మొదట ఆ వేగం సంగతి తేల్చుకుందాం. సెకనుకు 1,000 అడుగులంటే దాదాపు 305 మీటర్లు. 10 మీటర్ల సాధనకు వాడే మామూలు సీసపు పెల్లెట్ బరువు సుమారు అర గ్రాము. ఈ రెండూ కలిపి లెక్క కడితే శక్తి 23 జౌళ్లు దాటుతుంది. మన దేశంలో 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం, 4.5 మిల్లీమీటర్ల బోరుకు (గొట్టం లోపలి వ్యాసానికి), 20 జౌళ్ల శక్తికి మించని ఎయిర్ రైఫిల్‌కే లైసెన్సు అక్కరలేదు. కాబట్టి డబ్బా మీద ముద్రించిన ఆ అంకె ఏదో తేలికపాటి లోహపు పెల్లెట్‌తో కొలిచినదై ఉండాలి, లేదా ఆ రైఫిల్ గీత దాటినదై ఉండాలి. మొదటిదైతే ఆ అంకెకు అర్థం లేదు, రెండవదైతే ఆ రైఫిల్ మీకు వద్దు. ఒలింపిక్స్‌లో వాడే రైఫిళ్లు పెల్లెట్‌ను సెకనుకు 170 మీటర్ల చుట్టుపక్కల వేగంతోనే పంపుతాయి. శక్తిలో అది 8 జౌళ్లకు అటూ ఇటూ. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు స్వర్ణం తెచ్చినదీ, 2012లో లండన్‌లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చినదీ ఇటువంటి నెమ్మదైన రైఫిళ్లే. కాగితానికి రంధ్రం చేయడానికి అంతకు మించిన బలం ఎందుకు?

పైగా స్ప్రింగ్ రైఫిల్‌లో వేగం పెరిగిన కొద్దీ కష్టం పెరుగుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు విసురుతుంది, రైఫిల్ వెనక్కి కదులుతుంది. పిస్టన్ చివరకు వెళ్లి ఆగగానే రైఫిల్ ముందుకు ఉలిక్కిపడుతుంది. ఈ కుదుపులు మొదలయ్యేసరికి పెల్లెట్ ఇంకా బారెల్ లోపలే ఉంటుంది. అంటే మీరు గురి చూసిన తరువాత కూడా మీ రైఫిల్ మీ మాట వినకుండా కొంత కదులుతుంది. స్ప్రింగు ఎంత బలమైనదైతే ఆ కదలిక అంత పెద్దది.

ఇప్పుడు లక్ష్యం వైపు రండి. 10 మీటర్ల రైఫిల్ కార్డు మీద పదో వలయం అర మిల్లీమీటరు చుక్క. తొమ్మిదో వలయం వ్యాసం 5.5 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి ప్రతి వలయానికి 5 మిల్లీమీటర్లు పెరుగుతూ పోయి, ఒకటో వలయం 45.5 దగ్గర ముగుస్తుంది. పెల్లెట్ అంచు గీతను తాకితే చాలు, పై అంకె ఇస్తారు. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ మధ్యబిందువు నడిబొడ్డు నుంచి 2.5 మిల్లీమీటర్ల లోపు పడితే పది, 5 లోపు పడితే తొమ్మిది, 7.5 లోపు పడితే ఎనిమిది. మంచి స్ప్రింగ్ రైఫిల్‌ను బల్ల మీద ఆనించి అయిదు గుళ్లు కాల్చినప్పుడు అవన్నీ 8 మిల్లీమీటర్ల గుంపులో పడ్డాయనుకుందాం. గురి సరిగ్గా కుదిరి ఉంటే, కేవలం రైఫిల్ లోపం వల్ల ఏ గుండూ తొమ్మిది కిందికి దిగదు. మీరు పదకొండు సార్లు కాల్చి ఉన్నారు కదా, నిలబడి కాల్చిన మీ గుంపు ఎంత వెడల్పు ఉండేదో గుర్తు తెచ్చుకోండి. కొత్తవారికి 3, 4 సెంటీమీటర్లు ఉండడం మామూలే. మీ తప్పు 40 మిల్లీమీటర్లు, రైఫిల్ తప్పు 8. ముందు ఏది దిద్దుకోవాలో మీకే తెలుస్తుంది.

అందువల్ల నా సలహా: మన దేశంలో తయారైన, మధ్యరకం బలం గల స్ప్రింగ్ రైఫిల్ ఒకటి, పది పన్నెండు వేల లోపు తీసుకోండి. టెలిస్కోపు వద్దు, ముందు వెనుక ఓపెన్ సైట్లు (గురి చూసే గుర్తులు) ఉన్నదే చూడండి. కొనే ముందు దుకాణంలో మూడు పనులు చేయండి. భుజానికి ఆనించి, కళ్లు మూసుకుని, చెంపను స్టాక్ (చెక్క భాగం) మీద హాయిగా వాల్చి కళ్లు తెరవండి. సైట్లు కంటి ఎదురుగా ఉండాలి గాని, మెడ సాచి వెతుక్కోవలసిన అవసరం రాకూడదు. తరువాత బారెల్ వంచి మూసే చోట వదులు ఉందేమో చేత్తో కదిపి చూడండి. చివరగా ట్రిగ్గర్. మ్యాచ్ రైఫిల్ ట్రిగ్గర్ 100 గ్రాముల లోపు ఒత్తిడికే విడుస్తుంది. మామూలు స్ప్రింగ్ రైఫిల్‌లో అది కిలో, కిలోన్నర, కొన్నిటిలో రెండు కిలోలు కూడా ఉంటుంది. ఎంత అన్నదాని కంటే ఎలా విడుస్తుందన్నది ముఖ్యం. గరగరలాడుతూ, ఎప్పుడు విడుస్తుందో తెలియకుండా ఉన్న దానిని అక్కడే వదిలేయండి.

మిగిలిన డబ్బును ఖర్చు చేయకుండా పెల్లెట్లకు ఉంచండి. రోజుకు 60 గుళ్లు, వారానికి మూడు రోజులంటే ఏడాదికి 9,360 గుళ్లు. టిన్నుకు 500 చొప్పున పంతొమ్మిది టిన్నులు. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలె మ్యాచ్ వంటి విదేశీ మ్యాచ్ పెల్లెట్లు మొదట్లో మీకు అవసరం లేదు గాని, టిన్ను వెయ్యి రూపాయలని వేసుకుంటే రైఫిల్ కన్నా పెల్లెట్లకే ఎక్కువ ఖర్చవుతుందని గ్రహించండి. ఈ లెక్క ఏ దుకాణంలోనూ చెప్పరు.

ఎడమ కన్ను విషయంలో నా అభిప్రాయం గట్టిది. ఇంకా అలవాటు ముదరలేదు కనుక ఎడమ భుజానికి మారండి. రెండు నెలలు చేతికి కొత్తగా ఉంటుంది, తరువాత సర్దుకుంటుంది.

గోదావరిగట్టు (రాజమహేంద్రవరం)

పాతగురి గారి మాటల్లో చాలావరకు ఒప్పుకుంటాను గాని, ఎడమ భుజానికి మారమన్నది మాత్రం నాకు మింగుడుపడలేదు. నాదీ అదే చిక్కు. కుడిచేతి వాటం, ఎడమ కన్ను బలం. మూడు నెలలు ఎడమ వైపు ప్రయత్నించి, చేతులు వణికి, విసుగెత్తి కుడికే తిరిగి వచ్చాను. ఎడమ కంటి ముందు కళ్లజోడుకు తెల్లటి ప్లాస్టిక్ ముక్క ఒకటి తగిలించుకుంటే సరిపోయింది. పోటీ నిబంధనల్లో కూడా 30 మిల్లీమీటర్ల వెడల్పుకు మించని అడ్డును అనుమతిస్తారు. కన్ను గట్టిగా మూసుకోవడం కంటే ఇదే మేలు. ఒక కన్ను బిగించి మూస్తే కాసేపటికి రెండవది కూడా అలసిపోతుంది. నల్ల ముక్క పెట్టకండి. వెలుతురు తగిలే తెల్లదో, పాలరంగుదో పెట్టండి.

మరొక మాట. మనం మ్యాచ్ రైఫిల్‌ను పట్టుకున్నంత గట్టిగా స్ప్రింగ్ రైఫిల్‌ను పట్టుకుంటే గుళ్లు నలుదిక్కులా పోతాయి. ఎడమ అరచేతిని తెరిచి, దాని మీద రైఫిల్‌ను పిల్లి కూనను పడుకోబెట్టినట్టు ఉంచాలి. ప్రతిసారీ అరచేయి స్టాక్ మీద ఒకే చోట ఉండాలి. నేను ఆ చోట చిన్న టేపు ముక్క అంటించుకున్నాను. అది అంటించిన వారంలోనే నా గుంపు సగానికి తగ్గింది. గుండు లేకుండా స్ప్రింగ్ రైఫిల్‌ను ఎన్నడూ పేల్చకండి. ముందు గాలి దిండు లేకపోవడంతో పిస్టన్ నేరుగా గోడకు కొట్టుకుని లోపలి సీలు పాడవుతుంది.

ఓరుగల్లువాసి (వరంగల్)

నాది వేరే అనుభవం, మీకు ఉపయోగపడవచ్చు. మూడేళ్ల క్రితం నేనూ ఇదే ప్రశ్నతో బయలుదేరి, స్ప్రింగ్ రైఫిల్‌ను చిన్నచూపు చూసి, అప్పు చేసి మరీ వాడిన విదేశీ మ్యాచ్ రైఫిల్ కొన్నాను. కొత్తవి, అంటే వాల్తర్ ఎల్‌జీ400, ఫైన్‌వెర్క్‌బావ్ 800 వంటివి, రెండు లక్షలు దాటిపోతాయి. వాడినది సగానికి వస్తోందంటే ఎగిరి గంతేశాను. అమ్మినవారు రైఫిల్‌ను తుడిచి, నూనె రాసి, తళతళలాడేలా చేసి ఇచ్చారు. ఇంటికి తెచ్చి రేంజికి తీసుకువెళ్లాక, గాలి నింపే అబ్బాయి సిలిండర్‌ను తిప్పి చూసి చేతిలో పెట్టాడు. దాని మీద చెక్కిన సంవత్సరం చూసుకోమన్నాడు. ఈ సిలిండర్లలో 200 బార్ ఒత్తిడితో గాలి నింపుతారు కనుక, తయారైన నాటి నుంచి పదేళ్ల వరకే వాడాలని తయారీదారులు చెబుతారు. నాది పన్నెండేళ్లది. కొత్త సిలిండర్ కోసం నాలుగు నెలలు ఎదురుచూశాను. రైఫిల్‌కు పెట్టిన దానిలో అయిదో వంతు మళ్లీ పెట్టాను. ఆ నాలుగు నెలలూ ఆ అందమైన రైఫిల్ మా బీరువాలో పడుకుంది.

వాడిన పీసీపీ కొనేవారు బారెల్ కంటే ముందు సిలిండర్ మీది తేదీ చూడండి. తరువాత నిండా గాలి నింపించి, ఒక రాత్రి అలాగే ఉంచి, మరునాడు మీటరులో ముల్లు ఎక్కడుందో చూడండి. అమ్మేవారు ఒక్క రాత్రి ఆగడానికి ఒప్పుకోకపోతే, అదే మీకు సమాధానం.

అయితే గాలి నింపిన రైఫిల్‌లో ఉన్న సుఖం వేరు. కుదుపు లేదు. నా రైఫిల్‌లో గుండు లేకుండా ట్రిగ్గర్ అభ్యాసం చేసుకునే సదుపాయం ఉంది, సిలిండర్ ఒకసారి నింపితే రెండు వందల చుట్టూ గుళ్లు కాల్చవచ్చు. కృష్ణాతీరం గారి బడ్జెట్‌లో ప్రెసిహోల్ పీఎక్స్100 వంటి మన దేశపు పీసీపీలను కూడా ఒకసారి చూడవచ్చునని నా అభిప్రాయం. అవి మ్యాచ్ రైఫిళ్లు కావు, కాని బల్ల మీద ఆనించి కాల్చేవారికి ఎంతో హాయిగా ఉంటాయి.

పాతగురి (సికింద్రాబాద్)

ఓరుగల్లువాసి గారి సిలిండర్ కథ కొత్తగా కొనే ప్రతివారూ చదవవలసినది. దేశీయ పీసీపీ గురించి వారు చెప్పినది నిజమే, కాని కృష్ణాతీరం గారు నిలబడి కాల్చాలనుకుంటున్నారు. రైఫిల్‌కు పాతిక ముప్ఫై వేలు పెట్టాక చేతిపంపు కొనాలి. ఆ పంపుతో గాలి నింపడం వ్యాయామశాలకు వెళ్లినట్టే ఉంటుంది. నింపాక చేతులు వణకడం తగ్గేదాకా కాల్చడానికి కుదరదు. తొందరపడి ఒక్క బిగిన కొడితే పంపు వేడెక్కి, గాలిలోని తేమ లోపలికి చేరుతుంది. వారి నలభై వేలూ అక్కడితో సరి, పెల్లెట్ల టిన్ను ఒక్కటి కూడా మిగలదు. రేంజి పక్కనే ఇల్లు ఉండి, అక్కడి సిలిండర్ నుంచి నింపుకునే వీలుంటే నేను కూడా పీసీపీనే చెప్పేవాడిని.

గోదావరిగట్టు గారూ, కన్ను విషయంలో మీ అనుభవాన్ని కాదనను. పదిహేనేళ్ల పిల్లలకు నేర్పిన అలవాటులో నేను అలా రాశాను. ముప్ఫై నాలుగేళ్ల మనిషికి తెల్ల ముక్కే నయం కావచ్చు. కృష్ణాతీరం గారు రెండూ వారం వారం చూసి, ఏ వైపు గుంపు చిన్నదో కార్డులే చెప్పేలా చేయాలి.

ఒక్క విషయం ఎవరూ రాయలేదు. గోదాములో వెనుక రాతి గోడ ఉందని, అదే చాలునని అనుకోకండి. సీసపు గుండు రాతికి తగిలి వెనక్కి రాగలదు. చెక్కపెట్టెలో వెనుక పలకగా ఉక్కు రేకును కిందికి వాలేలా ఏటవాలుగా బిగిస్తే, గుండు కిందికి జారి పెట్టెలోనే పడుతుంది. పెట్టె వెనుక గోడకు పాత రబ్బరు పట్టా ఒకటి వేలాడదీయండి. కళ్లజోడు లేకుండా కాల్చకండి. ఆ ఒక్క తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టి, బయట ఒక బోర్డు కట్టండి. మేనమామ గారి మనవలు ఎప్పుడైనా పరుగెత్తుకు రావచ్చు. అయిపోయాక సబ్బుతో చేతులు కడుక్కున్న తరువాతే టీ గ్లాసు పట్టుకోండి, సీసం ఒంటికి మంచిది కాదు. గోదాములో పావురాలు ఉంటే వాటిని వెళ్లగొట్టే పనికి ఈ రైఫిల్‌ను తలపెట్టకండి. ఊరివారు తప్పక అడుగుతారు. పక్షుల మీద ఎక్కుపెట్టిన రైఫిల్ వన్యప్రాణి సంరక్షణ చట్టం దాకా తీసుకువెళ్లగలదు.

కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం రెండు దుకాణాలు తిరిగాను. పాతగురి గారు చెప్పినట్టు కళ్లు మూసి తెరిచి చూస్తే, మొదటి రైఫిల్‌లో సైట్లు నా కనుబొమల దగ్గర ఉన్నాయి. రెండవది సరిగ్గా కుదిరింది. ప్రయాణపు సంచులు తూచే కొక్కెం త్రాసు ఒకటి మా ఇంట్లో ఉంటే పట్టుకువెళ్లాను. దుకాణం వెనుక వారి గుళ్లపెట్టె ముందు, గుండు వేసి, రైఫిల్‌ను అటే పెట్టి, వారి మనిషి చేతనే ట్రిగ్గర్‌ను ఆ కొక్కెంతో నెమ్మదిగా లాగించాను. మూడు సార్లూ 1 కిలో 400 గ్రాముల దగ్గరే విడిచింది. మొదటి రైఫిల్ ఒకసారి కిలోన్నర, ఒకసారి 2 కిలోల 300 చూపించింది. వెల 9,800. ఆధార్ నకలు తీసుకుని బిల్లు రాసి ఇచ్చారు. బిల్లు నకలు ఒకటి రైఫిల్ సంచిలోనే ఉంచుకున్నాను.

వచ్చే ఆదివారం నుంచి ఒక వారం కుడి వైపు తెల్ల ముక్కతో, ఒక వారం ఎడమ భుజంతో కాల్చి, కార్డుల మీద తేదీ వేసి దాస్తాను. పెల్లెట్ల విషయంలో మాత్రం ఒక సందేహం. మూడు రకాల టిన్నులు కొన్నాను, ఏది నా బారెల్‌కు నప్పుతుందో ఎలా తెలుసుకోవాలి?

గోదావరిగట్టు (రాజమహేంద్రవరం)

బల్ల మీద ఇసుక సంచి, దాని మీద మీ అరచేయి, అరచేతి మీద రైఫిల్. రైఫిల్ నేరుగా సంచిని తాకకూడదు. ఒక్కొక్క రకంతో ముందు పది గుళ్లు ఊరికే కాల్చి పారేయండి, బారెల్ ఆ సీసానికి అలవాటు పడాలి. తరువాత అయిదేసి గుళ్ల గుంపులు నాలుగు తీయండి. ఒక్క గుంపు చూసి సంబరపడకండి. నాలుగింటిలో అన్నిటికంటే పెద్దది ఏ రకంలో చిన్నగా ఉందో ఆ టిన్నే కొనండి. మిగిలిన రెండు టిన్నులను మామూలు సాధనకు వాడేయండి. కొత్త స్ప్రింగు మెత్తబడేదాకా, అంటే మొదటి రెండు మూడు వందల గుళ్ల వరకు, ఏ రైఫిల్ అసలు స్వభావమూ బయటపడదు. కాబట్టి ఈ పరీక్షను కూడా అప్పుడే మొదలుపెట్టకుండా ఒక నెల ఆగి చేయండి.